స్కాట్లాండ్ కోర్టు వార్తను తప్పుల్లేకుండా చదవడం ఎలా

"యూకే కోర్టు తీర్పు చెప్పింది" అన్న వాక్యం ఎక్కడైనా కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి. యూకే మొత్తానికి కలిపి ఒకే కోర్టు వ్యవస్థ లేదు. ఇంగ్లండ్, వేల్స్‌కు ఒకటి, ఉత్తర ఐర్లాండ్‌కు ఒకటి, స్కాట్లాండ్‌కు ఒకటి ఉన్నాయి. 1707లో ఇంగ్లండ్, స్కాట్లాండ్ ఒక్క రాజ్యంగా కలిసినప్పుడు రాసుకున్న ఒప్పందంలోని 19వ అధికరణం స్కాట్లాండ్ కోర్టులను ఎప్పటికీ స్కాట్లాండ్‌లోనే ఉంచింది. అప్పటికే కోర్ట్ ఆఫ్ సెషన్‌కు 175 ఏళ్లు, అది 1532లో పుట్టింది. క్రిమినల్ కేసుల హైకోర్టు 1672 నాటిది. మూడు వందల ఏళ్లుగా వేరే దారిన నడిచిన చట్టం కాబట్టి దాని మాటలూ వేరే.

పొరపాట్లన్నీ ఆ మాటల దగ్గరే మొదలవుతాయి. పూర్తిగా తెలియని మాట ఎదురైతే ఎవరైనా నిఘంటువు చూస్తారు. తెలిసిన మాటకు వేరే అర్థం ఉన్నప్పుడే చదువరి ధైర్యంగా తప్పు చదువుతాడు. అందుకని వార్త చేతికి రాగానే ఒక కాగితం మీద నాలుగు ప్రశ్నలు రాసుకోండి: ఇది ఏ కోర్టు? కేసు ఏ దశలో ఉంది? ఈ మాట అన్నది ఎవరు? దీని అమలు ఎప్పటి నుంచి? నాలుగింటికీ జవాబు దొరికాకే వార్తను పది మందికి పంపండి. దొరకని ప్రశ్న ఏదైనా ఉంటే ఆ వార్తలో ఇంకా సగం మిగిలి ఉన్నట్టే.

ఏ కోర్టు

హైకోర్టు అనగానే తెలుగు పాఠకుడి మనసులో మెదిలేది అమరావతిలోనో హైదరాబాద్‌లోనో ఉన్న రాష్ట్ర హైకోర్టు. సివిల్, క్రిమినల్, రిట్లు అన్నీ అక్కడికే వెళ్తాయి. స్కాట్లాండ్‌లో హైకోర్ట్ ఆఫ్ జస్టిషియరీ అంటే కేవలం క్రిమినల్ కోర్టు. హత్య, అత్యాచారం కేసుల తొలి విచారణ జరిగేది ఇక్కడే, జ్యూరీతో నడిచిన క్రిమినల్ కేసుల అప్పీళ్లు వినేదీ ఇదే. ఎడిన్‌బరోలో లాన్‌మార్కెట్, గ్లాస్గోలో సాల్ట్‌మార్కెట్ దీని ప్రధాన చిరునామాలు. అదే కోర్టు అబర్డీన్, లివింగ్‌స్టన్ వంటి చోట్ల కూడా కూర్చుంటుంది. "లివింగ్‌స్టన్ హైకోర్టు" అని రాస్తే అది ఆ ఊరికి ప్రత్యేకమైన కోర్టు కాదని గుర్తుంచుకోండి.

సివిల్ వైపు పెద్ద కోర్టు ఎడిన్‌బరో పార్లమెంట్ హౌస్‌లోని కోర్ట్ ఆఫ్ సెషన్. సెషన్స్ కోర్టు అంటే భారతదేశంలో జిల్లా స్థాయి క్రిమినల్ కోర్టు కాబట్టి ఇక్కడ పొరబడేవాళ్లు చాలామంది. ఇది పూర్తిగా సివిల్ కోర్టు. ఇందులో రెండు అంతస్తులు. ఔటర్ హౌస్‌లో సాధారణంగా ఒక్క జడ్జి వింటారు, ఆయన్ను లార్డ్ ఆర్డినరీ అంటారు. ఆ తీర్పు మీద అప్పీల్ ఇన్నర్ హౌస్‌కు వెళ్తుంది. అక్కడ మామూలుగా ముగ్గురు జడ్జీలు కూర్చుంటారు.

ఊళ్లలోని కేసులు చాలావరకు షెరిఫ్ కోర్టులో నడుస్తాయి. షెరిఫ్ అంటే గుర్రం మీద తిరిగే పోలీసు అధికారి కాదు, పూర్తి స్థాయి న్యాయమూర్తి. దేశం 6 షెరిఫ్‌డమ్‌లుగా ఉంది. 1,00,000 పౌండ్ల లోపు సివిల్ దావాలు షెరిఫ్ కోర్టులోనే వేయాలి. 5,000 పౌండ్లు, అంతకు లోపు బాకీలకు అక్కడే సింపుల్ ప్రొసీజర్ అనే తేలిక దారి ఉంది. క్రిమినల్‌లో జ్యూరీ లేకుండా విని వేసే శిక్షకు మామూలు గరిష్ఠం 12 నెలల జైలు లేదా 10,000 పౌండ్ల జరిమానా. జ్యూరీతో వింటే 5 ఏళ్ల దాకా వేయవచ్చు, అది చాలదనిపిస్తే శిక్ష విధించమని హైకోర్టుకు పంపవచ్చు. చిన్న నేరాలు జస్టిస్ ఆఫ్ ది పీస్ కోర్టుకు పోతాయి, అక్కడ పరిమితి 60 రోజులు, 2,500 పౌండ్లు. వార్తలో కోర్టు పేరు చూస్తే శిక్ష ఎంతవరకు పోగలదో ముందే తెలుస్తుంది. షెరిఫ్ కోర్టులో జ్యూరీ లేకుండా నడుస్తున్న కేసుకు "పదేళ్ల జైలు పడవచ్చు" అని ఎవరైనా రాస్తే అది తప్పు.

లండన్ సుప్రీంకోర్టు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. స్కాట్లాండ్ సివిల్ కేసులు అక్కడిదాకా వెళ్తాయి. క్రిమినల్ కేసులకు ఎడిన్‌బరోయే ఆఖరు. మానవ హక్కులకు, స్కాటిష్ పార్లమెంటు అధికార పరిధికి సంబంధించిన ప్రశ్న ఉంటే ఆ ప్రశ్న వరకే లండన్ చూస్తుంది. 2010లో కాడర్ కేసులో అలాగే జరిగింది. పోలీసులు ప్రశ్నించేటప్పుడు సొలిసిటర్ సహాయం అందాలన్న నియమం స్కాట్లాండ్‌కు ఆ తీర్పుతోనే వచ్చింది.

చెవికి తెలిసిన మాటలు

డిఫెండర్ అంటే డిఫెన్స్ లాయరు కాదు, సివిల్ కేసులో ప్రతివాది. వాదిని పర్‌స్యూయర్ అంటారు. అడ్వకేట్ అన్నది నల్లకోటు వేసుకున్న ప్రతి ఒక్కరికీ చెందే పేరు కాదు. ఫ్యాకల్టీ ఆఫ్ అడ్వకేట్స్ సభ్యులే అడ్వకేట్లు, పెద్ద కోర్టుల్లో వాదించేది ముఖ్యంగా వాళ్లు. క్లయింటును ముందుగా కలిసేది, కాగితాలు నడిపేది సొలిసిటర్. లార్డ్ అడ్వకేట్ అయితే క్లయింట్ల తరఫు లాయరు కాదు, ప్రాసిక్యూషన్ వ్యవస్థకు అధిపతి. హైకోర్టులో ఆ పదవి తరఫున వాదించేవాళ్లు అడ్వకేట్ డెప్యూట్‌లు, షెరిఫ్ కోర్టులో ప్రొక్యురేటర్ ఫిస్కల్‌లు.

అన్నిటికన్నా ఎక్కువగా తప్పుదోవ పట్టించే మాట ఇంటర్‌లొక్యుటర్. ఇంటర్‌లొక్యుటరీ ఆర్డర్ అంటే భారతీయ లాయర్లకు మధ్యంతర ఉత్తర్వు. స్కాట్లాండ్‌లో మాత్రం కోర్టు సంతకం చేసే ప్రతి ఉత్తర్వూ ఇంటర్‌లొక్యుటరే, కేసును ముగించేసేది కూడా. "ఇంటర్‌లొక్యుటర్ వచ్చింది" అని చదివి ఇంకా కేసు నడుస్తోందనుకోకండి. లోపల ఏముందో చూడాలి.

కంటిన్యూడ్ అంటే కొనసాగిందని కాదు, వాయిదా పడిందని. సిస్ట్ అంటే కేసును తాత్కాలికంగా నిలిపివేయడం. ప్రూఫ్ అంటే సివిల్ కేసులో సాక్ష్యాలు వినే రోజు, డిబేట్ అంటే సాక్ష్యాల జోలికి పోకుండా చట్టం మీద జరిగే వాదన. అవిజాండమ్ అంటే తీర్పు రిజర్వ్ చేశారని. ఇంటర్‌డిక్ట్ అంటే ఇంజంక్షన్, ఒక పని చేయకూడదన్న ఉత్తర్వు. డెలిక్ట్ అంటే టార్ట్, పరిహారం కోరదగిన సివిల్ తప్పు. ఎక్స్‌పెన్సెస్ అంటే కోర్టు ఖర్చులు. రిక్లెయిమింగ్ మోషన్ అంటే ఔటర్ హౌస్ నుంచి ఇన్నర్ హౌస్‌కు అప్పీల్. "లార్డ్ ఆర్డినరీ ఇంటర్‌లొక్యుటర్‌కు కట్టుబడుతున్నాం" అంటే అప్పీల్ ఓడిపోయింది, "దాన్ని రీకాల్ చేస్తున్నాం" అంటే కింది తీర్పు పోయింది. ఈ రెండు వాక్యాలు గుర్తుపడితే ఎంత పొడుగు తీర్పయినా ఫలితం క్షణంలో తెలిసిపోతుంది.

నేరాల పేర్లు కూడా చూసుకోండి. బర్గ్లరీ అన్న నేరం స్కాట్లాండ్‌లో లేదు, ఇంట్లో చొరబడి దొంగతనం చేస్తే థెఫ్ట్ బై హౌస్‌బ్రేకింగ్ అంటారు. మ్యాన్‌స్లాటర్ (హత్య కిందికి రాని నరహత్య) బదులు కల్పబుల్ హోమిసైడ్, ఆర్సన్ (కావాలని నిప్పు పెట్టడం) బదులు విల్‌ఫుల్ ఫైర్‌రైజింగ్. దొంగసొత్తు దగ్గర పెట్టుకుంటే రీసెట్. నేరం వార్తలో బర్గ్లరీ, మ్యాన్‌స్లాటర్ కనిపించాయంటే రాసినవాళ్లు ఇంగ్లండ్ అలవాటుతో రాశారని అర్థం. మిగతా వివరాలనూ ఒకసారి సరిచూడాలి.

క్రిమినల్ వార్తను దశలవారీగా

మొదటి దశ పోలీసు ప్రకటన. దాని చివర చాలాసార్లు ఒక వాక్యం ఉంటుంది: ప్రొక్యురేటర్ ఫిస్కల్‌కు నివేదిక పంపుతున్నాం. పోలీసుల పాత్ర నివేదిక దాకానే. కేసు పెట్టాలా, ఏ కోర్టులో పెట్టాలా, అసలు వద్దా అన్న నిర్ణయం ఫిస్కల్‌ది. "ఛార్జ్ చేశారు" అన్నంత మాత్రాన కోర్టు కేసు ఖాయమైనట్టు కాదు. ఛార్జ్ చేయకుండా పోలీసు కస్టడీలో మామూలుగా 12 గంటలే ఉంచవచ్చు, పొడిగిస్తే 24 గంటలు.

ఈ ఏర్పాటు ఎంత ముఖ్యమో హొరైజన్ కంప్యూటర్ వ్యవహారం చూపించింది. ఇంగ్లండ్‌లో పోస్టాఫీసు సంస్థే తన సబ్‌పోస్ట్‌మాస్టర్ల మీద స్వయంగా కేసులు నడిపింది. స్కాట్లాండ్‌లో అవి ఫిస్కల్ ద్వారా వెళ్లాయి. అయినా పోస్టాఫీసు ఇచ్చిన హొరైజన్ తప్పుడు లెక్కలను నమ్మడంతో ఇక్కడా నిర్దోషులకు శిక్ష పడింది. ఆ శిక్షలను రద్దు చేయడానికి స్కాటిష్ పార్లమెంటు 2024లో సొంతంగా చట్టం చేయాల్సి వచ్చింది. కాబట్టి లండన్‌లో చేసిన చట్టం వార్త చదివి స్కాట్లాండ్ బాధితులకూ అదే వర్తించిందని రాయకూడదు.

రెండో దశ మొదటి హాజరు. తీవ్రమైన కేసులో పత్రికలు ఒకే వాక్యం రాస్తాయి: నిందితుడు ఏ ప్లీ (నేరం ఒప్పుకుంటున్నాడో లేదో) చెప్పలేదు, తదుపరి పరిశీలనకు కమిట్ చేశారు. దీన్ని "నోరు విప్పడానికి నిరాకరించాడు" అని అనువదించడం పెద్ద పొరపాటు. పిటిషన్ అనే ఈ దశలో ప్లీ చెప్పకపోవడమే మామూలు. ఈ హాజరు మూసిన తలుపుల వెనక జరుగుతుంది, అందుకే వార్త కూడా రెండు ముక్కల్లో ముగుస్తుంది. రిమాండ్‌లో పెడితే దాదాపు వారం తర్వాత మళ్లీ తెస్తారు. అప్పుడు "ఫుల్లీ కమిటెడ్" అని వస్తుంది. దాని అర్థం నేరం రుజువైందని కాదు, విచారణ దాకా కస్టడీ కొనసాగుతుందని.

ఇక్కడ కొందరు రోజులు లెక్కపెడతారు. కస్టడీలో ఉన్నవారికి 140 రోజుల్లో, బయట ఉన్నవారికి 12 నెలల్లో విచారణ మొదలవ్వాలన్నది స్కాట్లాండ్ గర్వంగా చెప్పుకునే మూల నియమం. కోవిడ్ కాలంలో ఆ గడువులను చట్టం ద్వారానే పొడిగించారు, విడిగా కోర్టు కూడా పొడిగించగలదు. 141వ రోజు వచ్చిందని "చట్టవిరుద్ధ నిర్బంధం" అని శీర్షిక పెట్టకండి.

మూడో దశ విచారణ. జ్యూరీలో 15 మంది ఉంటారు. స్కాట్లాండ్ క్రిమినల్ చట్టానికి వెన్నెముక కొరాబొరేషన్, అంటే నేరం జరిగిందనీ దాన్ని చేసింది నిందితుడేననీ చూపే కీలకమైన అంశాలకు రెండు వేర్వేరు మూలాల నుంచి సాక్ష్యం కావాలి. ఒక్క సాక్షి ఎంత నమ్మకంగా చెప్పినా అది ఒక్కటే చాలదు. 1997 నాటి స్మిత్ వర్సెస్ లీస్ తీర్పు ఈ నియమాన్ని లైంగిక నేరాల విషయంలో బాగా బిగించింది. 2023లో ఏడుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని పక్కనబెట్టి, ఘటన తర్వాత బాధితురాలిలో ఇతరులు చూసిన తీవ్ర వేదన కూడా ఆమె సాక్ష్యానికి బలం కాగలదని చెప్పింది. "కొరాబొరేషన్ రద్దయింది" అని అప్పుడు కొందరు అనుకున్నారు. రద్దు కాలేదు, ఏది కొరాబొరేషన్ అవుతుందన్న గీత పక్కకు జరిగింది.

నాలుగోది తీర్పు, ఈ మధ్య అతిపెద్ద మార్పు వచ్చింది ఇక్కడే. శతాబ్దాలుగా స్కాట్లాండ్ జ్యూరీకి మూడు తీర్పులు ఉండేవి: దోషి, నిర్దోషి, నాట్ ప్రూవెన్ (రుజువు కాలేదు). మూడోది వింటే "మళ్లీ విచారిస్తారన్నమాట" అని చాలామంది అనుకునేవారు. నిజానికి దాని ఫలితం నిర్దోషి తీర్పుతో సరిసమానం, నిందితుడు విడుదలై ఇంటికి వెళ్లేవాడు. 2025 సెప్టెంబరులో స్కాటిష్ పార్లమెంటు ఆమోదించిన బాధితులు, సాక్షులు, న్యాయ సంస్కరణల చట్టం నాట్ ప్రూవెన్‌ను తీసేసింది. దాంతోపాటు దోషి అని తేల్చడానికి 15 మందిలో 8 మంది చాలన్న పాత లెక్కను మార్చి మూడింట రెండు వంతులు, అంటే 10 మంది కావాలంది. 2026 జనవరి 1 నుంచి మొదలైన విచారణలకు ఇది వర్తిస్తుంది. ఈ రెండింటినీ కలిపే చదవాలి. ఒక్క నాట్ ప్రూవెన్ పోయిందన్నదే చెబితే నిందితుడికి నష్టమని, ఒక్క 10 మంది లెక్కే చెబితే బాధితులకు నష్టమని అనిపిస్తుంది. పాత కేసు గురించి రాస్తుంటే విచారణ ఎప్పుడు మొదలైందో చూసి పాత లెక్కే వాడాలి. ఇంకొక్క సంగతి: దోషి అనడానికి చాలినన్ని ఓట్లు రాకపోతే స్కాట్లాండ్‌లో అది నిర్దోషి తీర్పే అవుతుంది. జ్యూరీ ఎటూ తేల్చలేక మళ్లీ విచారణ అన్న ఇంగ్లండ్ పద్ధతి ఇక్కడ లేదు.

విడుదలైనవారిని మళ్లీ విచారించడం అసాధ్యమేమీ కాదు, అరుదు. 2011 డబుల్ జెపర్డీ చట్టం కొత్త బలమైన సాక్ష్యం వంటి కొన్ని సందర్భాల్లో అనుమతిస్తుంది. 1977 నాటి వరల్డ్స్ ఎండ్ హత్యల్లో యాంగస్ సింక్లెయిర్ మీద 2007లో కేసు కూలిపోయింది, ఆ చట్టం వచ్చాక 2014లో అదే కేసులో దోషిగా తేలాడు.

చివరిది శిక్ష. "20 ఏళ్ల శిక్ష" అని వచ్చిన హత్య కేసు వార్తలో నిజానికి పడింది జీవిత ఖైదు. ఆ 20 ఏళ్లు పనిష్‌మెంట్ పార్ట్, అంతవరకూ పెరోల్ అడగడానికే వీల్లేదు. ఆ తర్వాత వదులుతారన్న హామీ ఏమీ ఉండదు. అడ్మానిష్డ్ అంటే మందలించి వదిలేయడం, కానీ దోషిగా తేలాడన్న రికార్డు ఉంటుంది. కమ్యూనిటీ పేబ్యాక్ ఆర్డర్‌లో జీతం లేని పని 300 గంటల వరకు వేయవచ్చు. 12 నెలలు, అంతకు తక్కువ జైలు వేసే ముందు వేరే శిక్ష ఏదీ సరిపోదని కోర్టు నిర్ధారించుకోవాలన్న నియమం 2019 నుంచి ఉంది. 25 ఏళ్లలోపు వారికి పునరావాసాన్ని ముఖ్యంగా చూడాలన్న మార్గదర్శకం 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. శిక్ష తక్కువనిపిస్తే తిట్టుకునే ముందు జ్యుడీషియరీ ఆఫ్ స్కాట్లాండ్ సైటులో సెంటెన్సింగ్ స్టేట్‌మెంట్ ఉందేమో వెతకండి. పెద్ద కేసుల్లో జడ్జి చదివిన కారణాలు అక్కడ పూర్తిగా ఉంటాయి, ఒకటి రెండు పేజీలకు మించవు. వార్తలో రాని లెక్క, ముఖ్యంగా నేరం ఒప్పుకున్నందుకు ఎంత తగ్గించారన్నది, చాలాసార్లు అందులో దొరుకుతుంది.

అనుమానాస్పద మరణాల వార్తలకు వేరే దారి. స్కాట్లాండ్‌లో కరోనర్ లేడు, ఇన్‌క్వెస్ట్ లేదు. ఆ పని ఫిస్కల్ దర్యాప్తు, ఆ తర్వాత షెరిఫ్ ముందు జరిగే ఫేటల్ యాక్సిడెంట్ ఎంక్వైరీ చేస్తాయి. కస్టడీ మరణాలకు, పనిచేస్తుండగా ప్రమాదంలో జరిగే మరణాలకు ఇది సాధారణంగా తప్పనిసరి. ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేయాలి అన్నవరకే షెరిఫ్ తేలుస్తారు. "ఎంక్వైరీలో ఫలానావారు దోషులని తేలింది" అని రాస్తే అది ఆ ఎంక్వైరీ చేయని పని.

సివిల్ కేసులో దశే ప్రాణం

2019లో బోరిస్ జాన్సన్ ప్రభుత్వం పార్లమెంటును ప్రొరోగ్ చేయడం, అంటే సమావేశాలను నిలిపివేయడం మీద ఎంపీ జోఅన్నా చెర్రీ తదితరులు ఎడిన్‌బరోలో కేసు నడిపారు. సెప్టెంబరు 4న ఔటర్ హౌస్‌లో లార్డ్ డోహర్టీ కొట్టేశారు. సెప్టెంబరు 11న ఇన్నర్ హౌస్‌లో ముగ్గురు జడ్జీలు అది చట్టవిరుద్ధమన్నారు. సెప్టెంబరు 24న లండన్ సుప్రీంకోర్టులో 11 మంది జడ్జీలు ఏకగ్రీవంగా ఇన్నర్ హౌస్ మాటనే నిలబెట్టారు. మూడు వారాల్లో మూడు తీర్పులు. 4వ తేదీ వార్త 12వ తేదీన పంచినవాళ్లది అబద్ధం కాదు, పాత నిజం. కోర్టు వార్త కింద తేదీ లేకపోతే నమ్మకపోవడానికి ఇదే కారణం.

దశ తెలియకపోతే ఎంత దూరం పోతుందో చూపేది నత్త కథ. 1928 ఆగస్టులో పైస్లీలోని వెల్‌మెడో కఫేలో స్నేహితురాలు కొనిచ్చిన జింజర్ బీరు సీసాలో కుళ్లిన నత్త వచ్చిందని మే డోనహ్యూ కేసు వేసింది. 1932లో అప్పటి ఆఖరి అప్పీల్ కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ 3-2 తేడాతో ఆమెకు అనుకూలంగా తీర్పు ఇచ్చింది. లా కాలేజీల్లో ప్రపంచమంతా "సీసాలో నత్త ఉందని కోర్టు తేల్చింది" అన్నట్టు చెప్పుకుంటారు. అసలా కేసులో సాక్ష్యం వినే దశే రాలేదు. ఆమె చెప్పినదంతా నిజమే అనుకుంటే చట్టం ఆమెకు హక్కు ఇస్తుందా అన్న ప్రశ్న మీదే తీర్పు. తయారీదారు స్టీవెన్సన్ ఆ తర్వాత చనిపోయాడు, కేసు రాజీ అయింది. నత్త ఉందో లేదో ఏ కోర్టూ చెప్పలేదు. ఈనాటి వార్తల్లోనూ ఇదే జరుగుతుంటుంది. డిబేట్ దశలో "కేసు ముందుకు సాగవచ్చు" అన్న నిర్ణయం శీర్షికకు వచ్చేసరికి "కంపెనీదే తప్పన్న కోర్టు" అవుతుంది. ప్రూఫ్ జరిగిందా అని ఒక్కసారి అడిగితే చాలు, తెలిసిపోతుంది.

ప్రభుత్వ నిర్ణయాన్ని సవాలు చేసే జుడీషియల్ రివ్యూ వార్తల్లో రెండు గడపలు ఉంటాయి. కేసును మామూలుగా 3 నెలల్లోపు వేయాలి, ఆపైన ముందుకెళ్లడానికి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. అనుమతి ఇచ్చారంటే వాదనలో పస ఉండే అవకాశముందని మాత్రమే.

మూల తీర్పును చదవడం

స్కాటిష్ కోర్టుల అధికారిక సైటులో తీర్పులు ఉచితంగా దొరుకుతాయి, బెయిలీ (BAILII) అనే తీర్పుల సైటులో కూడా. వార్తలో ఉన్న సంఖ్యను అలాగే వెతకండి. [2019] సీఎస్‌ఓహెచ్ 70 అంటే ఆ ఏడాది ఔటర్ హౌస్ 70వ తీర్పు, సీఎస్‌ఐహెచ్ అంటే ఇన్నర్ హౌస్, హెచ్‌సీజేఏసీ అంటే క్రిమినల్ అప్పీళ్లు, ఎస్‌ఏసీ అంటే షెరిఫ్ అప్పీల్ కోర్టు, యూకేఎస్‌సీ అంటే లండన్ సుప్రీంకోర్టు. పైన చెప్పిన ప్రొరోగేషన్ కేసు వరసగా సీఎస్‌ఓహెచ్ 70, సీఎస్‌ఐహెచ్ 49, యూకేఎస్‌సీ 41. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే కేసు ప్రయాణమంతా కళ్ల ముందుంటుంది.

అరవై పేజీల తీర్పును మొదటి నుంచి చివరిదాకా చదవాల్సిన పనిలేదు. మొదటి పేజీలో ఏ జడ్జీలు, ఎవరి మీద ఎవరు అన్నది చూడండి. తర్వాత నేరుగా ఆఖరి నాలుగైదు పేరాలకు పోండి, డిస్పోజల్ అనో డెసిషన్ అనో శీర్షిక ఉంటుంది. ఏమైందో అక్కడ తెలిశాక వెనక్కొచ్చి ముందరి పరిచయ పేరాలు, ఆ తర్వాత జడ్జి చర్చ చదవండి. మధ్యలో సబ్మిషన్స్ అనే భాగం ఉంటుంది. అది రెండు వైపుల లాయర్లు చెప్పినదాన్ని జడ్జి రాసుకున్న భాగం. "కోర్టు ఏమందో చూడండి" అంటూ తిరిగే స్క్రీన్‌షాట్లలో చాలా భాగం ఇక్కడివే, అంటే ఓడిపోయిన లాయరు వాదనను కోర్టు నోట్లో పెట్టినవి. ఏ వాక్యం ఉటంకించినా పేరా సంఖ్య రాయండి, ఆ పేరా ఏ శీర్షిక కింద ఉందో చూడండి. ఒకరికి మించి జడ్జీలు విడివిడిగా రాస్తే మీరు చూస్తున్నది మెజారిటీదో భిన్నాభిప్రాయమో కూడా తేల్చుకోవాలి.

చట్టం పాసైందంటే

స్కాటిష్ పార్లమెంటులో బిల్లు మూడు స్టేజీలు దాటాలి. స్టేజ్ 1లో ఆమోదం అంటే సూత్రప్రాయంగా సరే అన్నారని, స్టేజ్ 2లో కమిటీ సవరణలు చేస్తుంది. స్టేజ్ 3లో పాసయ్యాక కూడా నాలుగు వారాల గడువు ఉంటుంది. ఆ లోపు యూకే ప్రభుత్వ న్యాయాధికారులో లార్డ్ అడ్వకేటో బిల్లును సుప్రీంకోర్టుకు పంపవచ్చు, స్కాట్లాండ్ వ్యవహారాల మంత్రి దాన్ని ఆపవచ్చు. బాలల హక్కుల బిల్లు 2021 మార్చిలో పాసైంది. అక్టోబరులో సుప్రీంకోర్టు కొన్ని సెక్షన్లు అధికార పరిధి దాటాయంది. దాన్ని సవరించి మళ్లీ పాస్ చేస్తే 2024 జనవరిలో చట్టమై అదే ఏడాది జులై 16న అమల్లోకి వచ్చింది. ద్వేష నేరాల చట్టం కూడా 2021 మార్చిలో పాసై, 2024 ఏప్రిల్ 1న అమలైంది. ఆ మూడేళ్లలో "కొత్త చట్టం ప్రకారం అరెస్టు" అన్న వార్త ఏది వచ్చినా అది తప్పే. లెజిస్లేషన్ సైటులో చట్టం తెరిచి, చివర ఉండే కమెన్స్‌మెంట్ సెక్షన్ చూడండి. కొన్ని సెక్షన్లు వెంటనే, మిగతావి మంత్రులు నిబంధనలు ఇచ్చాకే అమలవుతాయి.

కోర్టుకు వెళ్లి చూస్తే, రాస్తే

ఇవన్నీ ఒకసారి కళ్లారా చూస్తే బాగా పడతాయి. విచారణలు ప్రజలందరికీ తెరిచే ఉంటాయి, టికెట్ లేదు, కారణం చెప్పక్కర్లేదు. ఏ గదిలో ఏ కేసు అన్నది కోర్టు రోల్స్ అనే జాబితాలో ఉంటుంది, సైటులోనూ గోడ మీదా చూడవచ్చు. గ్లాస్గో షెరిఫ్ కోర్టు క్లైడ్ నది ఒడ్డున ఉంది, ఎప్పుడు వెళ్లినా కేసులకు కొదవ ఉండదు. ఫోన్ సైలెంట్‌లో పెట్టండి, షెరిఫ్ వచ్చేటప్పుడు లేచి నిలబడండి. లోపల ఫొటో, రికార్డింగ్ నిషేధం. అక్కడి నుంచి ప్రత్యక్షంగా మెసేజ్‌లు పెట్టడానికి విలేకరులు కానివారికి ముందుగా కోర్టు అనుమతి ఉండాలి. చిన్నపిల్లల్ని క్రిమినల్ విచారణకు తీసుకెళ్లకండి. 14 ఏళ్లలోపు వారిని సాక్షులైతే తప్ప ఉండనివ్వరు, చంకలో ఉన్న పసివాళ్లకు మినహాయింపు ఉంది.

రాసేవాళ్లు 1981 కంటెంప్ట్ ఆఫ్ కోర్ట్ చట్టం తెలుసుకోవాలి. అరెస్టు జరిగినా, వారెంటు ఇచ్చినా ఆ కేసు "యాక్టివ్" అయినట్టే. అక్కడి నుంచి విచారణకు తీవ్రంగా హాని చేసే ప్రమాదం ఉన్నది ఏది ప్రచురించినా, ఆ ఉద్దేశం లేకపోయినా, కోర్టు ధిక్కారమే. గరిష్ఠ శిక్ష 2 ఏళ్ల జైలు. నిందితుడి పాత నేరాల చిట్టా, "వీడే చేశాడు" అన్న వ్యాఖ్య, గుర్తింపు వివాదంలో ఉన్నప్పుడు ఫొటో, ఈ మూడింటితోనే ఎక్కువ మంది ఇరుక్కుంటారు. కేసు ముగిసినా అప్పీల్ మొదలైతే మళ్లీ యాక్టివ్ అవుతుంది.

క్రిమినల్ కేసులో 18 ఏళ్లలోపు నిందితుడిని గుర్తుపట్టే వివరం ఇవ్వకూడదు, ఆ వయసు బాధితులు, సాక్షుల విషయంలోనూ ఇవ్వకపోవడమే క్షేమం. పేరు తీసేసి బడి, వీధి, తల్లి ఉద్యోగం రాస్తే గుర్తు చెప్పినట్టే. లైంగిక నేరాల బాధితుల పేర్లు బయటపెట్టకపోవడం స్కాట్లాండ్ పత్రికల్లో ఎప్పటినుంచో సంప్రదాయంగా నడిచింది, 2025 చట్టం దాన్ని జీవితాంతం ఉండే హక్కుగా రాసింది. విడివిడిగా ఏమీ చెప్పని రెండు వార్తలు కలిపితే మనిషి తెలిసిపోవచ్చు. ఒకరు నిందితుడి పేరు, మరొకరు బాధితురాలు అతనికి ఏమవుతుందో రాస్తే ఆమె ఎవరో ఊరంతటికీ తెలుస్తుంది. కాబట్టి మీరు పెట్టే ముందు మిగతావాళ్లు ఏం రాశారో చూసి, వాళ్లు నిందితుడి పేరు రాసి ఉంటే బంధుత్వం ప్రస్తావనను మీ వైపు నుంచి తీసేయండి.